వీధి సమస్యను కౌన్సిల్ తీర్మానం దాకా, అక్కడి నుంచి పని దాకా నడిపించడం ఎలా? బస్ స్టాపులు, ట్రాఫిక్, స్థానిక నిర్మాణాలపై సమగ్ర మార్గదర్శి

నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశం జరిగిన మర్నాడు పత్రికల జిల్లా పేజీల్లో వాగ్వాదాలు, వాకౌట్లు, పోడియం ముందు బైఠాయింపులే ప్రధానంగా కనిపిస్తాయి. అదే సమావేశంలో ఏ వీధికి కాలిబాట మంజూరైంది, ఏ బస్ షెల్టర్ ప్రతిపాదన వాయిదా పడింది, ఏ స్థలం వినియోగ మార్పిడికి సభ్యులు సమ్మతించారు అనే సంగతులు ఆ వీధుల్లో నివసించేవారికి సైతం తెలియకుండానే మినిట్స్ పుస్తకంలోకి వెళ్లిపోతాయి. రోజూ బస్సు కోసం రోడ్డంచున నిలబడే ఉద్యోగినికి, బడి గేటు ముందు రోడ్డు దాటే పిల్లలకు, ఆసుపత్రికి నడిచి వెళ్లే వృద్ధులకు ఈ సమావేశం ఎంత ముఖ్యమైనదో చెప్పడానికి రాజ్యాంగమే సాక్ష్యం. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 అంశాలను పట్టణ స్థానిక సంస్థలకు ఉద్దేశించింది. వాటిలో పట్టణ ప్రణాళిక, భూ వినియోగ నియంత్రణ, రోడ్లు, వంతెనలు ఉన్నాయి. 17వ అంశంలో వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలతో పాటు బస్ స్టాపులను పేరు పెట్టి మరీ చేర్చారు.

అయినా మన అర్జీలు ఎందుకు ఆగిపోతున్నాయి? వాటిని వ్యతిరేకించేవారు నిజానికి చాలా తక్కువ. రోడ్డు ఎవరిది, సమస్య ఎంత, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అనే మూడు ప్రశ్నలకు అర్జీలో జవాబు లేకపోవడం వల్లనే అవి ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరిగి చివరికి బీరువాలో చేరుతున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నగరపాలక సంస్థల్లో ఆ మూడు జవాబులనూ ముందే సమకూర్చుకొని కౌన్సిల్‌కు వెళ్లే విధానాన్ని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

1. రోడ్డు ఎవరిదో ముందుగా తేల్చుకోవాలి

నగరం లోపల ఉన్న ప్రతి రోడ్డూ నగరపాలక సంస్థది కాదు. విశాఖపట్నంలో గురుద్వారా, మద్దిలపాలెం కూడళ్ల మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై ఏ మార్పు కావాలన్నా జాతీయ రహదారుల విభాగం సమ్మతి ఉండాలి. మరికొన్ని రోడ్లు రహదారులు, భవనాల శాఖ అధీనంలో ఉంటాయి. వీధి రోడ్లలో అత్యధిక భాగం నగరపాలక సంస్థవే. మీ రోడ్డు సంగతి డివిజన్ (మీ కార్పొరేటర్ ఎన్నికైన వార్డు) ఇంజినీరింగ్ ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరును అడిగితే తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2019లో ఏర్పడిన వార్డు సచివాలయంలో వసతుల కార్యదర్శిని గానీ, ప్రణాళిక కార్యదర్శిని గానీ అడగవచ్చు. చెప్పిన మాటను తేదీతో సహా రాసిపెట్టుకోవడం మంచిది.

రోడ్డు నగరపాలక సంస్థదే అయినా బస్ స్టాప్ విషయంలో అధికారం మూడు చోట్ల ఉంటుంది. బస్సును నడిపేది, ఎక్కడ ఆపాలో చూసేది ఆర్టీసీ. ఆ చోట ఆటోలు, కార్లు నిలవకుండా చూసేది ట్రాఫిక్ పోలీసు విభాగం. షెల్టరు, కాలిబాట, వీధి దీపం నగరపాలక సంస్థ బాధ్యత. మోటారు వాహనాల చట్టం 1988లోని 117వ సెక్షన్ ప్రకారం వాహనాలు నిలిపే చోట్లను నిర్ణయించేటప్పుడు ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ స్థానిక సంస్థను సంప్రదించాలి. కౌన్సిల్ తీర్మానానికి ఈ విషయంలో ఉన్న బలం ఇక్కడి నుంచే వస్తుంది కనుక అర్జీలో ఈ సెక్షన్‌ను ప్రస్తావించడం మరువకండి.

ఈ ముగ్గురిలో ఒక్కరు కలిసిరాకపోయినా పని నిరుపయోగమవుతుంది. విజయవాడ సత్యనారాయణపురం మీదుగా వెళ్లే బీఆర్‌టీఎస్ (బస్సుల వేగవంత రవాణా వ్యవస్థ) రోడ్డునే చూడండి. బస్సుల కోసం రోడ్డు మధ్యన ప్రత్యేక దారి కట్టారు గానీ, దాని మీద ఉద్దేశించిన రీతిలో బస్సులు నిలకడగా నడవలేదు. నడిపే సంస్థ అవసరాలతో ముడిపడని నిర్మాణానికి ఎంత ఖర్చు పెట్టినా ప్రయాణికుడికి దక్కేది ఏమీ ఉండదు.

2. సమస్యను కొలిచి, కాగితం మీద పెట్టాలి

ఈ దశకే ఎక్కువ సమయం కేటాయించమని కోరుతున్నాను, ఎందుకంటే కౌన్సిల్‌లో ఇంజినీరు లేచి “అక్కడ అంత రద్దీ లేదు” అన్నప్పుడు మీ కార్పొరేటర్ చేతిలో అంకెలు లేకపోతే చర్చ అక్కడితో ముగిసిపోతుంది.

ముందుగా రద్దీ వేళలను గుర్తించండి. ఉదయం బడి, కార్యాలయాల వేళ ఒక గంట, సాయంత్రం ఒక గంట, వారంలో రెండు మామూలు పనిదినాలు, ఒక సంత రోజు లేదా సెలవు రోజు సరిపోతాయి. ఒక కాగితంపై పావుగంటకొక గడి చొప్పున గీసుకొని, ఆగిన బస్సుల మార్గం సంఖ్య, ఎక్కినవారు, దిగినవారు, రోడ్డు దాటినవారు అనే నాలుగు వరుసలు నింపండి. ఐదో వరుసలో బస్సు నిజంగా ఎక్కడ ఆగిందో రాయండి. ఈ వరుసే అన్నింటికంటే విలువైనదని నా అభిప్రాయం. షెల్టరు ఒకచోట ఉంటుంది, దాని ముందు ఆటోలు వరుసగా నిలిచి ఉంటాయి, డ్రైవరు చేసేది లేక ముప్ఫై నలభై అడుగులు ముందుకు వెళ్లి నడిరోడ్డుమీద ఆపుతాడు, షెల్టరులో కూర్చున్న పెద్దావిడ సంచీ పట్టుకొని పరుగెత్తి చేరేలోగా బస్సు కదిలిపోతుంది. “మా బస్ స్టాప్ బాగాలేదు” అనే ఫిర్యాదు వెనుక ఉన్న అసలు సంగతి ఇటువంటిదే అయితే, అక్కడ కావలసింది కొత్త షెల్టరు కాదు. ఆటోలకు వేరే చోటు, స్టాప్ ముందు పార్కింగ్ నిషేధం ఉంటే చాలు. లెక్క తీయకపోతే ఈ తేడా బయటపడదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం అమల్లో ఉంది కనుక, అంతకు ముందు తీసిన పాత లెక్కలను అధికారులు చూపితే అంగీకరించకండి. కొత్తగా లెక్కించమని అడగండి. మహిళలు, వృద్ధులు, విద్యార్థులు ఎందరో విడిగా రాసుకుంటే వెలుతురు, కూర్చునే బల్ల, మరుగుదొడ్డి వంటి అవసరాలను చూపించడం తేలికవుతుంది.

వేగాన్ని కొలవడానికి యంత్రం అక్కర్లేదు. రోడ్డు పక్కన టేపుతో 30 మీటర్ల దూరం కొలిచి రెండు చివరలా సుద్దతో గీత గీయండి. ఒక గీత దాటి రెండో గీత చేరడానికి వాహనానికి పట్టిన సమయాన్ని ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో చూడండి. 3 సెకన్లు పడితే గంటకు 36 కిలోమీటర్ల వేగం, 2 సెకన్లు పడితే 54 కిలోమీటర్లు. కాలిబాట మీద, వాహనాలకు దూరంగా నిలబడే ఈ పని చేయాలి. పిల్లలకు అప్పగించకూడదు. వంద వాహనాల వేగం రాసుకొని, వాటిని తక్కువ నుంచి ఎక్కువకు పేర్చినప్పుడు 85వ స్థానంలో ఉన్న వేగాన్ని ట్రాఫిక్ ఇంజినీర్లు ప్రమాణంగా తీసుకుంటారు. ఆ ఒక్క అంకెను మీ అర్జీలో చేర్చండి.

3. ఏం కోరాలో నిర్ణయించుకోవాలి

బస్ స్టాప్‌ను కూడలికి ముందు పెడితే ఎడమకు తిరగవలసిన వాహనాలు ఆగిన బస్సు వెనుక చిక్కుకుంటాయి, సిగ్నల్ దగ్గర వరుస పెరుగుతుంది. కూడలి దాటిన తర్వాత కొంత దూరాన పెడితే ఆ ఇబ్బంది తగ్గడమే కాక, దిగినవారు బస్సు వెనుక నుంచి కూడలి వైపు నడిచి రోడ్డు దాటే అవకాశం ఉంటుంది. సాధారణ సిటీ బస్సు పొడవు దాదాపు 12 మీటర్లు. బస్సు వంకరగా ఆగకుండా అంచుకు ఆనుకొని నిలవాలంటే ఆ పొడవుకు ముందూ వెనుకా కూడా ఖాళీ ఉండాలి. రోడ్డును లోపలికి తవ్వి బస్ బే కట్టమని అందరూ కోరుతుంటారు. వేగంగా వాహనాలు పోయే విశాలమైన రహదారిపై అది అవసరమే. ఇరుకైన నగర వీధిలో మాత్రం అది కాలిబాటను మింగేస్తుంది, ఆటోల అడ్డాగా మారుతుంది. ఒకసారి లోపలికి వెళ్తే మళ్లీ రోడ్డెక్కడం కష్టమని డ్రైవర్లు కూడా దానిని తప్పించుకుంటారు. అటువంటి చోట అంచు వెంబడే స్టాప్, వెనుక తగినంత కాలిబాట ఉంటే చాలునని నా అభిప్రాయం. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే సంస్థ అయిన భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కాలిబాటపై అడ్డంకులు లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. షెల్టరు స్తంభాలు ఈ వెడల్పులోకి రాకూడదు.

ప్రకటనల హక్కుకు బదులుగా ప్రైవేటు సంస్థలు కట్టే షెల్టర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బోర్డు బాగా కనబడే చోటును ఎంచుకునే ధోరణి వాటికి సహజం. చోటును ప్రయాణికుల లెక్క ఆధారంగా నగరపాలక సంస్థే నిర్ణయించాలనే షరతును తీర్మానంలో చేర్చమనండి.

ఇక స్పీడ్ బ్రేకర్లు. ప్రమాదం జరిగిన మర్నాడే కాలనీవాసులు సిమెంటుతో దిమ్మ కట్టేయడం మన దగ్గర మామూలైపోయింది. చీకట్లో కనబడని ఆ దిమ్మల వల్ల ద్విచక్ర వాహనదారులు పడి ప్రాణాలు కోల్పోతున్నారు. భారత రోడ్ల కాంగ్రెస్ 99వ నంబరు ప్రమాణం గుండ్రటి స్పీడ్ బ్రేకరుకు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు సూచించింది. గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగంతో దాటేందుకు వీలుగా దీనిని రూపొందించారు. దానికి 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, పైన రంగు పట్టీలు ఉండాలి. ప్రధాన రోడ్డులో కలిసే చిన్న వీధి చివర, బడి ముందు, నివాస వీధుల్లో ఇది తగిన ఉపాయం. పెద్ద రహదారి మీద కాదు. ఇప్పటికే ఉన్న అక్రమ దిమ్మలను తొలగించి కొలతల ప్రకారం మళ్లీ కట్టమని మీరే కోరితే, ఇంజినీరింగ్ విభాగం మీ అర్జీని మరింత శ్రద్ధగా చూస్తుంది.

4. ఇరుగుపొరుగుతో, వీధి వ్యాపారులతో ముందే మాట్లాడాలి

ఎవరి దుకాణం ముందు స్టాప్ వస్తుందో వారే కౌన్సిల్‌కు ఎదురు అర్జీ ఇస్తారు. ముందే వెళ్లి నమూనా గీసి చూపి, అభ్యంతరం ఉంటే రెండో చోటు కూడా ప్రతిపాదనలో పెట్టండి.

కాలిబాటపై తోపుడు బండ్లు ఉన్నాయని వాటిని ఖాళీ చేయించమని రాయడం న్యాయం కాదు, చట్టం దృష్ట్యా నిలవదు కూడా. వీధి వ్యాపారుల చట్టం 2014 ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వ్యాపారులను తొలగించరాదు. వీధి వ్యాపార వ్యవహారాలు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారుల ప్రతినిధులై ఉండాలి. పైగా రాత్రి వేళ బస్ స్టాప్ దగ్గర వెలుతురు, మనుషుల అలికిడి ఉండేది ఆ టీ బండి, పండ్ల బండి వల్లనే. బండ్లకు గుర్తించిన చోటు, నడకకు వదలిన వెడల్పు రెండూ ఒకే నమూనాలో ఉండేలా కమిటీని సంప్రదించమని కోరండి.

5. అర్జీని పని రూపంలో రాయాలి

రెండు పేజీలు మించని అర్జీ, ఒక పేజీ లెక్కల పట్టిక, ఒక చేతి గీత నమూనా, నాలుగు ఫోటోలు సరిపోతాయి. ఒక మచ్చు చూడండి:

“మా డివిజన్‌లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఎదుటి బస్ స్టాప్ కూడలికి 15 మీటర్ల దూరంలోనే ఉన్నందున, సాయంత్రం 4 నుంచి 5 గంటల మధ్య ఆగిన బస్సుల వెనుక వాహనాలు నిలిచిపోయి, విద్యార్థులు వాటి మధ్య నుంచి రోడ్డు దాటవలసి వస్తున్నది. స్టాప్‌ను కూడలి దాటిన తర్వాత నగరపాలక సంస్థ పార్కు ప్రహరీ వెంబడికి మార్చుటకు ఆర్టీసీ, ట్రాఫిక్ పోలీసు అధికారులతో ఉమ్మడి తనిఖీ జరిపి, తగిన అంచనాతో తదుపరి సమావేశంలో ప్రతిపాదన ఉంచవలసిందిగా ప్రార్థన.”

ఇందులో చోటు, వేళ, కారణం, ఎవరు రావాలి, తర్వాత ఏం జరగాలి అన్నీ ఉన్నాయి. దీనిని కమిషనర్ పేరిట ఇచ్చి రసీదు తీసుకోండి. తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సోమవారం నాడు ఇస్తే నమోదు సంఖ్య వస్తుంది. నకళ్లు ఆర్టీసీ డిపో మేనేజరుకు, ట్రాఫిక్ పోలీసు స్టేషనుకు, కార్పొరేటరుకు పంపండి. అక్కడ ప్రమాదాలు జరిగి ఉంటే, కలెక్టర్ నేతృత్వంలోని జిల్లా రహదారి భద్రతా కమిటీకి కూడా ఒక నకలు చేరాలి.

డబ్బు సంగతి కూడా అర్జీలోనే రాయండి. నగరపాలక సంస్థ సాధారణ నిధులు, ఆర్థిక సంఘం గ్రాంటు, ఎంపీ నిధులు అనేవి సాధారణ దారులు. బస్ షెల్టరు నిర్మాణాన్ని ఎంపీ నిధుల పథకం అనుమతిస్తుంది. వచ్చే ఏడాది బడ్జెట్ అంచనాలు చలికాలంలోనే తయారవుతాయి కనుక నవంబరులోపు అర్జీ అందితే పద్దులో చేరే అవకాశం ఎక్కువ.

6. అజెండాలోకి ఎక్కించడం

పెద్ద నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. తెలంగాణ పురపాలక చట్టం 2019 హైదరాబాద్ వెలుపలి పట్టణాల్లో ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరుల పేరిట నాలుగు కమిటీలను ఏర్పరచింది. మీ వార్డులో అవి సమావేశమవుతుంటే అక్కడ సిఫారసు చేయించుకోండి.

తర్వాతి దారి కార్పొరేటరు. ఆయన లేదా ఆమె చేతిలో రెండు సాధనాలు ఉన్నాయి. ప్రశ్నోత్తరాల సమయంలో ప్రశ్న వేస్తే అధికారి లిఖితపూర్వక సమాధానం ఇవ్వవలసి వస్తుంది. ప్రతిపాదన పెడితే తీర్మానం వస్తుంది. ముందస్తు నోటీసు లేకుండా మాట్లాడే జీరో అవర్‌లో ప్రస్తావిస్తే పత్రికలో పేరు వస్తుంది గానీ దస్త్రం కదలడం అరుదు. అందుకే ముందు ఒక సమావేశంలో ప్రశ్న, ఆ సమాధానాన్ని పట్టుకొని తర్వాతి సమావేశంలో ప్రతిపాదన అనే వరుస మేలైనది. మీ కార్పొరేటరు ఏ పార్టీ అయినా, ఎదుటి పక్షం సభ్యులకూ ఆ రెండు పేజీలను ముందే అందజేయండి. అప్పుడది పార్టీల పంతం కాకుండా వీధి పనిగానే ఉంటుంది.

అంచనా మొత్తాన్ని బట్టి కొన్ని పనులు కమిషనర్ స్థాయిలో, కొన్ని స్థాయీ సంఘంలో (కొద్దిమంది కార్పొరేటర్ల కమిటీలో), మరికొన్ని కౌన్సిల్‌లో మంజూరవుతాయి. చిన్న పని కోసం కౌన్సిల్ దాకా వెళ్లి నెలలు పోగొట్టుకోవద్దు. టేబుల్ అజెండా పేరిట చివరి నిమిషంలో చేర్చే అంశాలను సభ్యులు చదివే వ్యవధి ఉండదు కాబట్టి, మీ అంశాన్ని ఆ దారిన పంపించుకోవాలని ఆశపడకండి. మీ వీధికి సంబంధించిన వేరే అంశం అలా వచ్చిందేమో మాత్రం ఆరా తీయండి.

భూ వినియోగ మార్పిడి అంశాలు తరచూ ఇలాగే నిశ్శబ్దంగా వస్తాయి. నివాస వీధిలో వాణిజ్య సముదాయం లేదా కల్యాణ మండపం వస్తుంటే, ప్రకటనలో ఇచ్చిన గడువులోపు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పడం తప్పనిసరి. గడువు దాటాక ఎంత గట్టిగా మాట్లాడినా విలువ తక్కువ. వద్దు అని మాత్రమే రాయకుండా, వాహనాలు ఎటు నుంచి లోపలికి వస్తాయి, పార్కింగ్ ఎంత, బస్ స్టాప్‌కు ఏమవుతుంది అని అడగండి. ప్రవేశ ద్వారాన్ని మరో వైపుకు మార్చడం వంటి షరతు వల్ల వీధికి ఎంతో మేలు జరుగుతుంది.

7. సమావేశం రోజు

సందర్శకులు చూడవచ్చునా, పాస్ కావాలా అని కౌన్సిల్ కార్యదర్శి కార్యాలయంలో ముందే కనుక్కోండి. లోపల మాట్లాడే అవకాశం పౌరులకు ఉండదు. తీర్మానపు మాటలు ఎలా ఉన్నాయో వినడమే మీ పని. “తగు చర్యలు తీసుకోవలసిందిగా కమిషనర్‌ను కోరడమైనది” అంటే ఆ అంశం అక్కడితో ముగిసినట్లే లెక్క. చోటు, అంచనా మొత్తం, పద్దు, బాధ్యత వహించే అధికారి, ఉమ్మడి తనిఖీ గడువు చదివి వినిపిస్తే అది పని. మీ కార్పొరేటరుకు ఈ తేడా ముందే చెప్పి, సవరణ వాక్యం రాసి చేతికివ్వండి.

8. పాలకవర్గం లేనప్పుడు

విశాఖపట్నంలో 2012లో పాలకవర్గం గడువు ముగిశాక 2021 దాకా ఎన్నికలే జరగలేదు. అన్నేళ్లూ ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి పాలనే సాగింది. అటువంటి కాలంలో కౌన్సిల్ అధికారాలను ప్రత్యేకాధికారి వినియోగిస్తారు, ఆయన ఆమోదమే తీర్మానంగా నమోదవుతుంది. బహిరంగ చర్చ ఉండదు కనుక రసీదులు, ఉమ్మడి తనిఖీ నివేదికల ప్రాముఖ్యం రెట్టింపవుతుంది. అర్జీ స్వరూపం మాత్రం ఇదే.

9. తీర్మానం తర్వాత

తీర్మానం నుంచి పని దాకా సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం, పని అప్పగింత అనే దశలు ఉంటాయి. దస్త్రం ఎక్కువగా ఆగేది ఇక్కడే. నెలకోసారి ఏఈని కలిసి ఏ దశలో ఉందో అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయండి. తీర్మానం నకలు, అంచనా ప్రతి, దస్త్రం ప్రస్తుతం ఎవరి వద్ద ఉందో తెలిపే వివరం అడగాలి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలుకు వెళ్లవచ్చు. పని జరుగుతున్నప్పుడు దానిని తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కు కూడా ఇదే చట్టం పౌరునికి ఇచ్చింది.

టేపు పట్టుకొని కాలిబాట వెడల్పు, స్పీడ్ బ్రేకరు ఎత్తు, హెచ్చరిక బోర్డు దూరం కొలవండి. తేడా ఉంటే బిల్లు చెల్లింపునకు ముందే, ఎం-బుక్‌లో (ఇంజినీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు నమోదయ్యేలోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. బస్సులు కొత్త చోట ఆగడం మొదలైన మూడు నెలలకు అదే వేళల్లో, అదే పట్టికతో మళ్లీ లెక్క తీసి, బస్సు నిజంగా ఎక్కడ ఆగుతోందన్న ఐదో వరుసను పాత కాగితంతో పోల్చండి. ఆటోలు మళ్లీ ముందుకు చేరి ఉంటే ఆ రెండు కాగితాలను ట్రాఫిక్ పోలీసు అధికారికి, డిపో మేనేజరుకు ఒకేసారి ఇచ్చి మరో ఉమ్మడి తనిఖీ కోరండి.